మోనో సూది

మార్చి 2, సోమవారం

దొరికింది! పదకొండేళ్ళుగా వెతుకుతున్నది దొరికింది. అరవై ఏడులో మొట్టమొదట అచ్చయిన రికార్డ్, మొదటి ప్రెస్సింగ్, మోనో. పాత రికార్డులమ్మే బూజు ఫోన్ చేశాడు. షాపు చూసి నేను పెట్టిన పేరే అది, అసలు పేరు ఇప్పటికీ తెలీదు. అమ్మాయ్, తొందరగా రా, ఇంకెవరైనా అడిగితే నా మాట నేనే వినను అన్నాడు. ల్యాబ్‌లో సగం చేసిన పళ్ళసెట్టు బల్ల మీదే వదిలేసి పరిగెత్తాను. ఎవరో పెద్దాయన ఇంకో రోజు బోసినోటితో ఉంటాడు, పాపం.

లేబుల్ పక్కన చెక్కిన నంబర్లు లెన్స్ పెట్టి చూశాను. అసలుదే. ఒక్క గీత లేదు.

మార్చి 3

అన్నయ్యకి చూపించాను. చిన్నప్పుడు గవదబిళ్ళలొచ్చి తన ఎడమ చెవి పోయింది. అప్పట్లో మా ఇంట్లో ఈ ఆల్బమ్‌దే స్టీరియో కాపీ ఉండేది. నాన్న నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునేవాడు, అందుకని హెడ్‌ఫోన్లే గతి. ఆ రోజుల్లో స్టీరియో అంటే కొత్త మోజు కదా, గొంతంతా ఎడమవైపుకి, డ్రమ్స్ అన్నీ కుడివైపుకి తోసేశారు మహానుభావులు. అన్నయ్య ఒకసారి డ్రమ్స్ వినేవాడు. హెడ్‌ఫోన్లు తిప్పి పెట్టుకుని మళ్ళీ మొదట్నుంచి గొంతు వినేవాడు. రెండూ కలిస్తే ఎలా ఉంటుందో తనకి తెలీదు. మోనోలో అలా విడదియ్యరు, అన్నీ ఒక్కచోటే, ఒక్క చెవికైనా మొత్తం పాట. నాకీ పిచ్చి పట్టింది అందుకే. అల్మారాలో రెండొందల పైచిలుకు మోనోలున్నాయి, ఇదొక్కటే లేకపోయింది.

ఇప్పుడు కుడి చెవి నరం మీద గడ్డ. ఇరవై మూడున ఆపరేషన్. ప్రాణానికి ఢోకా లేదు, వినికిడి మాత్రం మిగలదని డాక్టరమ్మ ముందే చెప్పేసింది.

వెంటనే వెయ్యవే అన్నాడు. వెయ్యనన్నాను. మోనో గాడిలో మోనో సూదే పడాలి, మామూలు సూదయితే చిటపటలు. ఆర్డర్ పెట్టాను, పదమూడుకి వస్తుంది. ఇన్నేళ్ళు ఆగినవాడివి పదిరోజులు ఆగలేవా అన్నాను. వెంట్రుకవాసి తేడా ఒప్పుకోని నీ పళ్ళసెట్టు బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు అని నవ్వాడు.

మార్చి 9

రికార్డ్ కడిగి ఆరబెట్టాను. అన్నయ్య అట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చిటపటలుంటే ఏమైందే, నేనేమన్నా మార్కులెయ్యాలా అన్నాడు. వదిన కూడా వేసెయ్యమంది. నేను వింటేగా! మొదటిసారి వినేది సరిగ్గా వినాలి అన్నాను. టీచరమ్మలా అన్నాను.

మార్చి 13

సూది రాలేదు.

మార్చి 15, ఉదయం ఆరు

వదిన ఫోన్. నిద్ర లేచేసరికి అన్నయ్యకి ఏమీ వినపడటం లేదట.

అదే రోజు, సాయంత్రం

గడ్డ నరాన్ని నొక్కేసిందట. ఒక్కోసారి ఇలా రాత్రికి రాత్రే పోతుందట. మందులిస్తాం, ఆశ పెట్టుకోకండి అంది డాక్టరమ్మ.

చిటపటలట! నా మొహానికి చిటపటలు. పన్నెండు రోజులు. రోజుకోసారి వేసినా పన్నెండుసార్లు వినేవాడు. ఆ రికార్డ్ తనకోసం అని ఊరంతా చెప్పుకున్నాను. కాదు. నా గొప్ప కోసమే ఆపాను. గడ్డ దేవుడిచ్చింది, ఇది మాత్రం నేను చేసిందే. ఎవరి కాళ్ళు పట్టుకుంటే తిరిగొస్తుంది?

మార్చి 16

సూది వచ్చింది.

మార్చి 20

నాలుగు రోజులు మొహం చాటేసి ఇవాళ వెళ్ళాను. అన్నయ్యతో కాగితం మీదే మాట్లాడాలి. తన గొంతు తనకి వినపడదుగా, అరిచినట్టు మాట్లాడుతున్నాడు. నా మీద కోపంగా లేదా అని రాశాను. చదివి, ఉందే, బోలెడంత ఉంది, ముందు ఆ సూది బిగించు అన్నాడు. ఎందుకు అని రాస్తే, నువ్వన్నా విని ఏడు అన్నాడు. వదిన వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మార్చి 22, ఆదివారం

రేపు ఆపరేషన్. రికార్డ్ వేశాను. గొంతూ డ్రమ్సూ కలిసి ఒక్కచోట నుంచే వచ్చాయి. అన్నయ్య ఎదురుగా కూర్చుని, తిరిగే లేబుల్నే చూస్తూ తల ఊపాడు.

మొదటి వైపు అయిపోయింది. సూది చివరి గాడిలో ఊరికే తిరుగుతోంది. అన్నయ్య ఇంకా తల ఊపుతూనే ఉన్నాడు.

నేను సూది ఎత్తలేదు.