గురకను లేపిన బాకా

పురపాలక కమిషనర్ గారి సముఖమునకు, మాజీ సైనికుడు, ప్రస్తుతం సైకిల్ రిపేరు షాపు నడుపుకొనువాడు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వీరసైనికుల సంస్మరణ దినమున నాచే బాకా ఊదించుట, మరియు ఇస్త్రీ అక్కను కుర్చీలోంచి లేపకుండుట గురించి.

1. నేను సైన్యంలో బాకా ఊదేవాడిని. ఈ సంగతి మొన్న తమ కార్యాలయంలో మనవి చేయగా, గుమాస్తాగారు "బాకా ఊదేవాళ్ళు మా ఆఫీసులో ఇప్పటికే ఎక్కువయ్యారు, మళ్ళీ నువ్వెందుకయ్యా" అని సెలవిచ్చారు. నాది ఇత్తడి బాకా అని ఇందుమూలముగా స్పష్టపరచడమైనది.

2. సదరు దినమును తమ కార్యాలయమే ప్రారంభించినట్లు బ్యానరుపై వ్రాసియున్నారు. వాస్తవం వేరు. మా దళంలో ఒకడుండేవాడు. గురక అని పిలిచేవాళ్ళం. పొద్దున్నే నేను ఊదే మేలుకొలుపుకి అందరూ లేచేవారు, వాడు తప్ప. వాడి చెవి దగ్గరికెళ్ళి మళ్ళీ ఊదాలి. దుప్పటి లాక్కుంటూ "ఉండు, మా అక్కతో చెప్తా" అని బెదిరించేవాడు. తల్లి లేని వాణ్ణి ఆ అక్కే పెంచింది. యుద్ధంలో వాడు పోయాడు.

యుద్ధం ముగిశాక అక్క దగ్గరికి వెళ్ళాను. మన ఊళ్ళోనే ఇస్త్రీ చేస్తోంది. కబురు ముందే చేరింది. దారి పొడుగునా ఓదార్పు మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. తీరా ఆమెను చూశాక "అక్కా, వాణ్ణి రోజూ నిద్ర లేపింది నేనే" అన్నాను.

ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "ఆ దుర్మార్గుడివి నువ్వేనా! సెలవుకొచ్చినప్పుడల్లా నిన్నే తిట్టేవాడు" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆ తర్వాత, "ఊదు. లేస్తాడేమో చూద్దాం" అంది.

వీధిలో నిలబడి ఊదాను. దుకాణాల వాళ్ళు బయటికొచ్చి, ఎవరూ చెప్పకుండానే నిలబడ్డారు. మరుసటి ఏడు అదే రోజున ఇంకొన్ని ఇళ్ళవాళ్ళు వచ్చి "మావాడికి కూడా ఊదు" అన్నారు. సదరు దినం పుట్టుక ఇదీ.

3. ఈ ఏడు తమరు వేదిక కట్టించారు, సంతోషం. కానీ బాకాకు బదులు సెల్‌ఫోనులోంచి శోకగీతం వినిపించారు. మధ్యలో, ఆ సెల్‌ఫోనును మైకు దగ్గర పట్టుకున్నాయనకు ఇంటినుంచి ఫోనొచ్చింది. మాజీ సైనికులమంతా సదరు రింగుటోనుకు సెల్యూట్ చేసియున్నాము. "ఏవండీ, గ్యాస్ అయిపోయింది" అని మైకులో వినిపించినా చేతులు దించలేదు. దించమని ఆజ్ఞ రాలేదు కనుక.

4. ముందు వరుసలో కూర్చున్న అక్కను "అమ్మా, ఇవి ముఖ్యుల కుర్చీలు" అని లేపి వెనక నిలబెట్టారు. రింగుటోనుకు రాని కోపం నాకు అప్పుడొచ్చింది.

కావున వచ్చే ఏడు శోకగీతం రద్దుపరచి, మేలుకొలుపు ఊదుటకు నాకు అనుమతి ఇప్పించవలెను. పై పళ్ళు కట్టుడువి అగుటచే నడుమ గాలి తప్పును; దానిని స్వరంలో భాగంగా పరిగణించ ప్రార్థన. ఏడుపు పాట ఎందుకు వద్దంటున్నానంటే, అయ్యా, వాణ్ణి పడుకోబెట్టడం ఏనాడూ నా డ్యూటీ కాదు.

ఫైలులో పెట్టకముందే ఒకసారి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బాకా (సైకిల్ షాపు)

తా.క.: ఇదంతా అక్కకు చదివి వినిపించాను. "మా తమ్ముణ్ణి లేపుకోడానికి అనుమతేంట్రా? అదంతా కొట్టెయ్. ఆ పొద్దున మనం వీధిలో నిలబడతాం, కమిషనరుగారినీ రమ్మని రాయి. కుర్చీలుండవని ముందే చెప్పు. పాపం, స్టేజీ మీద ఆయన చొక్కా బాగా నలిగి ఉంది. ముందురోజు పంపిస్తే ఇస్త్రీ చేసి పెడతా" అంది. కష్టపడి రాసింది కొట్టెయ్యడానికి మనసొప్పలేదు. చొక్కా పంపగలరు.