శుక్రవారం తలనూనె

దిల్‌సుఖ్‌నగర్,
శనివారం సాయంత్రం.

ప్రేమగల అమ్మకు,

నీ కరుణ వందనాలు. మీ ప్రార్థనల నీడలో నేనిక్కడ బాగానే ఉన్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నాయిన దగ్గు తగ్గిందా? ఈస్టరు ముందు శ్రమదినాల ప్రార్థనలు ఈసారి ఎవరెవరి ఇళ్ళలో జరుగుతున్నాయి? ఫోన్‌లో అడిగితే "అంతా మంచిగనే ఉన్నం" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ముందే చెబుతున్నా, మంచి వార్తే. నిదానంగా చదువు.

ఇక్కడ ఎండలు అప్పుడే ముదిరాయి. హాస్టల్ తిండి సంగతి అడగకు. సాంబారులో మునక్కాయ ముక్క కనబడితే చాలు, నా గదిలో ఉండే భీమవరం పద్మ "చూసుకోవే, పీచు పదార్థం వచ్చింది, రాసుకో" అని ఏడిపిస్తుంది. ఆదివారం ఆరాధన అయ్యాక మాత్రం మీరంతా బాగా గుర్తొస్తారు. అప్పుడు సరూర్‌నగర్ చెరువు దాకా నడిచి వస్తాను. దిగులు పెట్టుకోకు, తింటున్నాను, నిద్రపోతున్నాను.

పొద్దున్నే మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగి ఆసుపత్రికి వెళ్తాను. "వంట నేర్వనీకి పట్నం పోవాల్నా?" అని మామయ్య అన్నాడు కదా. ఇక్కడ నేను గరిటె పట్టను. ఏ రోగికి ఏ తిండి, ఎంత, ఎప్పుడు అన్నది లెక్కగట్టి, వాళ్ళు తింటున్నారో లేదో చూడాలి. శిక్షణలో ఉన్న మమ్మల్ని చూసే పెద్ద డైటీషియన్ శైలజ మేడం. గుంటూరు మనిషి. మొదటి వారం నేనొక రోగి పేరు పక్కన "తినలేదు" అని రాస్తే కాగితం వెనక్కి ఇచ్చారు. "తినలేకపోయాడా, తిననన్నాడా, తినబుద్ధి కాలేదా? మూడింటికీ మందు వేరమ్మాయ్" అన్నారు. ఆ మూడు మాటలు ఆ రోజంతా నోట్లో చప్పరిస్తూ తిరిగాను.

ఇక అసలు సంగతి. మా వార్డులో దేవమ్మ అని ఒక పెద్దామె ఉంది. మునుగోడు వైపు ఊరు, మనవాళ్ళే, దిండు కింద బైబిలు ఉంటుంది. షుగరు వల్ల కాలికి పుండు పడి చాలా రోజులుగా మంచం మీద ఉంది. పొద్దున్నే ఇన్సులిన్ ఇస్తారు. ఒక శుక్రవారం పదకొండు కాకముందే చెమటలు పట్టి, చేతులు వణికి, షుగరు బాగా పడిపోయింది. గ్లూకోజు తాగించి నిలబెట్టారు. డాక్టరు ఇన్సులిన్ తగ్గించారు. దాంతో మిగతా రోజుల్లో షుగరు పెరిగిపోయింది. మళ్ళీ శుక్రవారం వచ్చేసరికి మళ్ళీ పడిపోయింది. షుగరు ఇలా ఆడుతుంటే పుండు మానదు. "మీ వంటగది నుంచి ఏం పంపుతున్నారు?" అని డాక్టరు మా మీద పడ్డారు.

మేడం ఆ కేసు నా చేతికి ఇచ్చారు. "కారణం నువ్వే తేల్చి నాకు చెప్పు. తేల్చలేకపోతే ఇంకో మూడు నెలలు ఇక్కడే నేర్చుకుందువుగాని" అన్నారు. అంటే ఈసారి రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయడం కుదరదన్నమాట. నాకు ఆ రోజు అన్నం దిగలేదమ్మా.

ఎన్నిసార్లు అడిగినా దేవమ్మది ఒకటే మాట, "మంచిగనే తిన్న బిడ్డ, ట్రే సూడు." ట్రే నిజంగానే ఖాళీ. పక్కన ఉండే కోడలు రజితను అడిగితే తల వంచుకునేది. మరుసటి శుక్రవారం టిఫిన్ వేళకు ముందే వార్డుకు వెళ్ళాను. మామూలు రోజుల్లో జుట్టు రేగి, మూలుగుతూ పడుకునే మనిషి, ఆ పొద్దున ముఖం కడుక్కుని, తలనిండా నూనె రాసి, నున్నగా దువ్వుకుని కూర్చుంది. ఆ తల చూడగానే నువ్వు కళ్ళ ముందు నిలబడ్డావు. ఉపవాసం మనుషులకు కనబడకూడదని, ఆ రోజే ముఖం కళకళలాడుతూ ఉండాలని, శుక్రవారం పొద్దున నువ్వు తలకు నూనె పెట్టుకోవూ?

మంచం మీద కూర్చుని మెల్లగా అడిగాను. "అమ్మా, ఉపాసమా?"

ఆమె గొంతు తగ్గించింది. "నీకెట్ల ఎరుక?"

"మా అమ్మ కూడా ఇట్లనే తయారైతది."

ట్రేలో ఇడ్లీలు శుక్రవారాలు కోడలి కడుపులోకి పోతున్నాయి. "సప్పుడు చెయ్యక తిను, ఎవలకన్న చెప్పినవో" అని బెదిరించి తినిపిస్తోందట. ఇన్సులిన్ పడ్డాక ఖాళీ కడుపుతో ఉంటే ప్రాణానికే ముప్పని చెప్పాను. "దేవునికి మాటిచ్చిన బిడ్డ, ఎట్ల తప్పుత?" అంది. మాట తప్పమని నేను అనలేదు. తిండి కాకుండా, మానడానికి ఇంకా కష్టమైంది ఏదైనా ఆయనకు ఇవ్వమన్నాను. ఆలోచించి, కోడలి వైపు చూసి, "సరే. శుక్రవారం పొద్దంత దీన్ని ఒక్క మాట అనను" అంది.

రజిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మేడం, గీ పథ్యం మిగిలిన ఆరు దినాలకు గూడ రాయరాదుండ్రి?"

"అగో, అప్పుడే నెత్తికెక్కింది సూడు" అని దేవమ్మ నాలుక కరుచుకుంది. "తిండి మానుడే నయముండె బిడ్డ." ఆ పూట నా ఎదురుగా, ప్రార్థన చేసుకుని, ఇడ్లీలన్నీ తిన్నది.

అమ్మా, నువ్వూ షుగరు గోలీ వేసుకుంటావు కదా. ఉపవాసం రోజుల్లో ఏం చేయాలో డాక్టరును తప్పకుండా అడుగు. నాకోసం అడుగు.

కారణం తెలిశాక డాక్టరు ఇన్సులిన్ సరిచేశారు. తరువాతి శుక్రవారం షుగరు పడలేదు, వారమంతా నిలకడగా ఉంది, పుండు ఎర్రగా ఆరోగ్యంగా పూడుతోంది. అందరి ముందూ నిలబడి కేసు చెప్పాను. "తలనూనె చూసి షుగరు చెప్పే డైటీషియన్ని నిన్నే చూస్తున్నానే" అని మేడం నవ్వి, అక్కడే నా శిక్షణ కాగితం మీద సంతకం పెట్టారు. పరీక్ష ఈసారే రాస్తున్నాను. సోమవారం నుంచి ఆ వార్డు నాదే అన్నారు.

వీలైతే చిన్నమ్మ చేసిన నువ్వుల పొడి పంపు, పద్మకు కూడా కలిపి. నాయినకు, చిన్నమ్మకు, మామయ్యకు, సంఘ పెద్దలందరికీ నా వందనాలు. పరీక్ష కోసం పేరుపెట్టి ప్రార్థన చేయించు.

ఈరోజు కొత్తగా చేరిన ఒక ముసలాయన "నువ్వెవలు బిడ్డ, డాక్టరమ్మవా?" అని అడిగాడు. "కాదు తాతా, నీ తిండి చూసుకునేదాన్ని" అన్నాను. ఆయన వెంటనే లేచి కూర్చుని, "అయితే జర దగ్గరికి రా, నీతోని శాన మాట్లాడేదుంది" అన్నాడు.

మీ దీవెనలు కోరే
నీ బిడ్డ,
కరుణ