డిప్పన్న కరిచిన వేలు

చిరంజీవి సుస్మితకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మీ అవ్వ, నాయిన, నేను, గొర్రెలు, గొర్రెపిల్లలు అందరం క్షేమం. నా కుడిచేతి చూపుడు వేలికి మాత్రం కొంచెం క్షేమం తక్కువ. అందుకే అక్షరాలు ఇలా వంకరపోతున్నాయి. అంగన్‌వాడీ టీచరు చేతిరాత ఇదా అని నీ దోస్తులకు చూపించి నవ్వకు. కొల్లాపూర్ హాస్టల్లో నువ్వు బాగున్నావనీ, అన్నం సరిగ్గా తింటున్నావనీ అనుకుంటున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. నల్లచెవుల గొర్రె ఈనింది. ఆడపిల్ల. దానికి నీ పేరే పెడతానని నాయిన పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. పొద్దున్నే "సుస్మితా, దొడ్లకు నడువ్" అని అరిస్తే నా గుండె ఏం కావాలి? అవ్వ మోకాలి నొప్పి అలాగే ఉంది, నోరు కూడా అలాగే ఉంది. నీ నీలం గౌను ఎవరికీ ఇవ్వలేదు, ట్రంకుపెట్టెలోనే ఉంది.

ఇక ఉత్తరం అడుగున, కాగితం మూలకు, చీమల్లాంటి అక్షరాలతో రాశావే, "నేను ఇడిచిపెట్టి వచ్చిననని కోపానికే డిప్పన్న మిమ్మల్ని కరుస్తుండా అమ్మా?" అని. అది చదువుతూ పొయ్యి మీద కూర మాడబెట్టాను. కరిచిన సంగతి ఫోన్లో నీకు చెప్పిన నా నోటిని ఏం చేసినా పాపం లేదు. బిడ్డా, ఆ తాబేలుకు నీ మీద ఏ కోపమూ లేదు. ఎందుకు కరిచాడో ఇప్పుడు తెలిసింది. నిదానంగా రాస్తాను, చివరిదాకా చదువు.

నువ్వు వెళ్ళాక ఆషాఢం వచ్చింది. మీ అవ్వ ఊరుకుంటుందా? పక్కింటి జంగయ్య పెరట్లో గోరింటాకు దూసుకొచ్చి, రోట్లో రుబ్బి, నా పది వేళ్ళకూ టోపీలు పెట్టింది. తనూ పెట్టుకుంది. తెల్లవారేసరికి ఎర్రగా పండింది. ఆ చేత్తోనే డిప్పన్నకు టమాట ముక్క అందించాను, నువ్వు గొర్రెల వెంట పోయి ముళ్ళకంచెలో దొరికాడని తువ్వాల్లో చుట్టి తెచ్చిన రోజు నుంచి మనం చేస్తున్నట్టే. వాడు టమాటను వదిలేసి నా వేలు పట్టుకున్నాడు.

పళ్ళు లేని జీవం ఏం చేస్తుందిలే అనుకునేదాన్ని. పళ్ళు లేకపోతేనేం, ఆ నోటి అంచు కత్తెరే! "ఓ యమ్మో" అని చెయ్యి గుంజాను. గుంజేకొద్దీ ఇంకా బిగపట్టాడు. విదిలిస్తే నా వేలితోపాటు గాల్లోకి లేచి వాకిట్లో పడ్డాడు. వాడికేమీ కాలేదు, భయపడకు. నాకే నెత్తురు కారింది. దవాఖానలో సూది వేసే సిస్టరు "కుక్కనా, కోతా?" అని అడిగింది. తాంబేలు అని చెప్పగానే అక్కడున్న రోగులందరికీ జ్వరాలు తగ్గిపోయాయి, అంత నవ్వు నవ్వారు.

మర్నాడు అవ్వను కరిచాడు. ఆమె తన వేలు సంగతి మరిచి వాడి కోసం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పోరి మీద బెంగటిల్లిందే కోడలా. దేవుని రూపం అది, మనసు నొచ్చింది. మొక్కుకోవాలె" అంది. ఇంకేం, రోజూ పొద్దున్నే తలకు పసుపు, నుదుట కుంకుమ. శనివారం పెరుగన్నం ఎప్పుడూ ఉన్నదే. పైనుంచి అవ్వ చెయ్యి దిగడం చూడగానే వాడు తల లోపలికి లాక్కుని బుస్సుమనేవాడు. మీ నాయిన పెడితే మాత్రం కిక్కురుమనకుండా తినేవాడు. ఆయన మీసం మీద చెయ్యి వేసి, "మంచోడెవడో దానికి ఎర్కే. గీ ఇంట్ల అత్తాకోడండ్ల సంగతి ఇన్నేండ్లకు ఒక్క తాంబేలుకు తెలిసింది" అన్నాడు. ఆ పూట ఆయనకు చారు నీళ్ళే పోశాను.

జంగయ్య గోడ మీదుగా తల పెట్టి, "కరిచే తాంబేలు ఇంట్ల ఉండొద్దు వదినా, కీడు. పోయి క్వారీ గుంతల పడేయ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "నువ్వు తాగొచ్చి అరిస్తే మీ అమ్మ నిన్ను ఏ గుంతల పడేసింది?" అని అడిగేశాను. అడిగానే గానీ, లోపల నాకూ గుబులే. వాడికేదైనా రోగమేమో, నీకేం జవాబు చెప్పాలా అని.

చివరికి గంపలో గుడ్డ పరిచి, నాయిన బండి మీద అచ్చంపేట పశువుల దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ పేరు స్నిగ్ధ. డిప్పన్నను చూడకముందే నా చేతులు చూసింది. "గోరింటాకు మస్తు పండింది గదా అక్కా" అంది. నేను మురిసిపోయాను. అప్పుడు నా వేళ్ళ పక్కనే ఒక టమాట ముక్క పెట్టి వాడిని వదిలింది. వాడు నింపాదిగా నడిచి వచ్చి, అటూ ఇటూ చూసి, నా వేలి వైపే మెడ సాచాడు. ఆమె చటుక్కున నా చెయ్యి పక్కకు తీసి పకపకా నవ్వింది.

"ఎర్రగ కనిపిస్తే పండనుకుంటది అక్కా. అండ్ల మీరు చేత్తోనే తినబెడ్తిరి, చెయ్యంటెనే తిండి అని నేర్చుకున్నది. పగ లేదు, ఏం లేదు పాపం" అంది. అవ్వ బొట్టు సంగతి చెబితే, పైనుంచి చెయ్యి వస్తే గద్ద వచ్చిందనుకుని హడలిపోతుందట. తిండి బండ మీద పెట్టి చెయ్యి తీసెయ్యాలట. పట్టుకోవాలంటే పక్కనుంచి, రెండు చేతులతో పట్టాలట. "మరి కరిస్తే?" అని అడిగాను. "చెయ్యి గుంజొద్దు, కొట్టొద్దు. గుంజినకొద్ది బిగపడ్తది. నేల మీద పెట్టి కదలకుంట ఉండుండ్రి. కాళ్ళు నేలకు ఆనినంక భయం పోయి అదే ఇడుస్తది. అటెన్క సబ్బు పెట్టి కడుక్కోవాలె" అంది.

విన్నావా తల్లీ? నీ మీద అలక కాదు, అవ్వ గోరింటాకు. మీ నాయిన మంచితనమూ కాదు, ఆయన నల్ల వేళ్ళు. ఆ మాట అన్నప్పటి నుంచి ఆయన నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

నిన్ను వెతుకుతున్నాడా అని కూడా అడిగావు. రోజూ నువ్వు టమాట పెట్టే వేళకు గడప దగ్గరికి వచ్చి, మెడ సాచి కూర్చునేవాడు. నిన్ను వెతికాడో, టమాటను వెతికాడో నేను చెప్పలేను. నేనైతే నిన్నే వెతుకుతున్నాను ఆ గడప దగ్గర.

కూర్చునేవాడు అని రాశాను. నువ్వు తెలివిగలదానివి, ఇప్పటికే పట్టేసి ఉంటావు.

డాక్టరమ్మ వాడి డిప్ప తడిమి చూసి నవ్వు ఆపేసింది. దాని మీది చుక్కలు గుట్టల్లా పైకి లేచాయి కదా, మనం అందం అనుకున్నాం. అది అందం కాదట. పెరుగన్నానికి, రోజూ పెట్టే టమాటలకు డిప్ప అలా వంకర పెరిగిందట. నోటి అంచు కూడా మితిమీరి పెరిగి, గడ్డి కొరకలేకపోతున్నాడట. "ఇది చుక్కల తాంబేలు అక్కా. ఇండ్లల్ల పెంచొద్దని చట్టమే ఉన్నది. ఫారెస్టోళ్ళకు అప్పజెప్పుండ్రి, బాగుచేసి అడవిల ఇడుస్తరు. గిట్లనే ఉంచితె బతుకది" అంది. మనం ప్రేమగా పెట్టిందే వాడికి చేటయిందని వింటే నాకు అక్కడే ఏడుపొచ్చింది.

బస్సెక్కేముందు నువ్వు నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నావు, నువ్వొచ్చేదాకా డిప్పన్నను ఎవ్వరికీ ఇవ్వనని. ఆ ఒట్టు తప్పాను సుస్మితా. డిప్పన్నను ఇచ్చేశాను.

నిన్న అమ్రాబాద్ నుంచి ఫారెస్టువాళ్ళు వచ్చారు. నీ కోసం ఆగుదామని మనసు పీకింది. కానీ నీ ముఖం చూస్తే ఇవ్వలేనని నాకు తెలుసు. అవ్వ కుంకుమ భరిణె తెచ్చి, వాడి తల దాకా చెయ్యి చాపి, మళ్ళీ ఆగి, ఆ బొట్టును వాళ్ళు తెచ్చిన పెట్టె మూతకు పెట్టింది. మీ నాయిన దూరంగా వేపచెట్టు కింద నిలబడ్డాడు. తీరా వాళ్ళు ఎత్తబోతుంటే ఉరికి వచ్చాడు. "మీదికెల్లి పట్టకు సారూ, జడుసుకుంటడు. జర పక్కకెల్లి, రెండు చేతులతోని" అని చెప్పి, ఆఖరికి తనే పెట్టెలో పెట్టాడు. జీపు పోయాక గొర్రెలను తోలుకుని వెళ్ళినవాడు మధ్యాహ్నం అన్నానికి కూడా రాలేదు.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు. కానీ నీ వెనకాల ఫోను కోసం పిల్లలు వరుసగా నిలబడి ఉంటారు. వాళ్ళ ముందు నువ్వు ఏడుపు మింగుకోవాల్సి వస్తుంది. అందుకే రాస్తున్నాను. ఈ ఉత్తరం ఎక్కడైనా ఒక మూలకు కూర్చుని చదువుకో, తనివితీరా ఏడువు.

రెండో శనివారం నేను వస్తున్నాను. సకినాలు తెస్తాను. నువ్వు తినను అనొచ్చు, మాట్లాడకపోవచ్చు, అబద్ధాలకోరు అమ్మ అని అనొచ్చు. అను. నా వేళ్ళకు గోరింటాకు ఇంకా పూర్తిగా పోలేదు. కావాలంటే నువ్వూ కరువు. ఈసారి నేను చెయ్యి గుంజుకోను బిడ్డా. నువ్వు వదిలేదాకా నీ పక్కనే, నేల మీద, కదలకుండా కూర్చుంటాను.

ఇట్లు,
మీ అమ్మ