పైగదిలో ఉన్నదెవరు

మునిసిపల్ ఆఫీసు, అద్దె ఇళ్ళ విభాగం అధికారి గారికి,

మూడో వీధి చివరింట్లో బట్టలు కుట్టుకునే ఆవిడ నమస్కరించి రాసేది. కిటికీ లేని పైగదిని అద్దెకిచ్చానని, అందులో ఉన్న నర్సమ్మను ముప్పై రోజుల్లో ఖాళీ చేయించమని ఆ గది తలుపుకి నోటీసు అంటించారు. కిటికీ ఉందండీ. ఆసుపత్రిలో ఆవిడది రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. వెలుతురు పడకుండా కిటికీకి బీరువా అడ్డం పెట్టుకుంది. మా ఆయన పోయాక ఈ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి ఆవిడొక్కతే. పంపించేయమంటే ఎలా?

ఇట్లు, మీ దయ కోరే ఇంటావిడ.

తా.క.: మీవాళ్ళు నోటీసును తలుపుకీ గుమ్మానికీ కలిపి అతికించారు. ఆవిడ లోపలే ఉంది. ముందు బయటికి రానిస్తే, ఖాళీ చేయించే సంగతి తర్వాత చూద్దాం.

అమ్మా,

మీ ఉత్తరం అందింది. అద్దెదారును బీరువా వెనక ఉంచి తలుపు మూసినట్లు మీరే ఒప్పుకున్నారు. బీరువా నివాసయోగ్యం కాదు. వెంటనే తొలగించి, ఇంట్లో పైన ఎవరున్నారో, కింద ఎవరున్నారో తెలియజేయగలరు.

ఇట్లు, అధికారి.

తా.క.: నోటీసు చింపడం నేరం. అద్దెదారును కిటికీలోంచి రమ్మందామంటే మా రికార్డులో కిటికీ లేదు.

అయ్యా,

నర్సమ్మ బీరువాలో లేదండీ. వేడినీళ్ళతో నానబెట్టి, నోటీసు చింపకుండానే ఊడదీశాను. బీరువా జరిపాం. ఎండ మొహాన పడి ఆవిడకు కునుకు లేదు. అందుకని కింద నా గదిలో పడుకుంటోంది, నేను కుట్టుమిషనుతో పైకెక్కాను. “నా వల్ల మీకు మెట్లెక్కే బాధ ఎందుకండీ, వేరే ఇల్లు చూసుకుంటాను” అంటోంది. ఆవిడ పోయేలోపు ఏదో ఒకటి తేల్చండి.

ఇట్లు, దిక్కుతోచని ఇంటావిడ.

తా.క.: నోటీసు ఆరేశాను. ఇస్త్రీ చేసి పంపమంటారా?

అమ్మా,

విచారణ పూర్తయింది. మా రిజిస్టరులో కింద ఉండేవారు యజమాని, పైన ఉండేవారు అద్దెదారు. ఆ ప్రకారం ఇల్లు నర్సమ్మ గారి పేర నమోదు చేశాం. మీరు అద్దెదారు. గదికి కిటికీ ఉంది గనుక మిమ్మల్ని ఎవరూ ఖాళీ చేయించలేరు.

ఇట్లు, అధికారి.

తా.క.: పొరపాటుంటే దిద్దుతాం. అందుకు ఇంటి యజమాని సంతకం కావాలి.

అయ్యా,

సంతకం కోసం యజమాని దగ్గరికి వెళ్ళాను. మీ కాగితం రెండుసార్లు చదివి, మడిచి దిండు కింద పెట్టుకుంది. “సొంతిల్లు వదిలి ఎవరైనా పోతారా అండీ?” అంది. వేరే ఇల్లు వెతకడం మానేసింది. నాకూ అదే కావాలి. ఏమీ దిద్దకండి.

ఇట్లు, హాయిగా ఉన్న అద్దెదారు.

తా.క.: పగటిపూట మిషను తొక్కొద్దని యజమాని గారు నిన్న పైకొచ్చి గట్టిగా చెప్పి వెళ్ళారు. ఆవిడ మీద ఫిర్యాదు చేయాలంటే ఏ ఫారమో అది పంపండి. ఆవిడ చేతే రాయిస్తాను. నా రాత మీకు అర్థం కాదుగా.