ఏడు ప్రశ్నలకూ సున్నాలే

అత్తయ్యగారికి,

అక్కడ, పైలోకంలో, మీ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? మామయ్యగారు కులాసానా? ఒంటేలు బాధ దాచుకునే కదా ఆయన పోయింది, ఇప్పుడైనా తెరిపిగా ఉన్నారా? ఇక్కడ అమెరికాలో మా కొడుకూ కోడలూ బాగానే ఉన్నారు. మీ అబ్బాయి సంగతే ఇంకెవరికీ చెప్పుకోలేక మీకు రాస్తున్నాను.

ఆయనకూ అదే వచ్చింది. గోడ పట్టుకుని ఎంతసేపు నిలబడినా చుక్క రాదు. మేముండే ఊరు కాపెల్‌లో డాక్టరు ఏడు ప్రశ్నల కాగితం ఇచ్చాడు. ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు దాకా, బాధ ఎక్కువైనకొద్దీ పెద్ద అంకె వెయ్యాలి. మనవరాలు చదివి తెలుగులో అడిగింది.

"తాతా, మధ్యలో ఆగిపోతుందా?"

"లేదమ్మా."

"రాత్రి ఎన్నిసార్లు లేస్తారు?"

"లేవను తల్లీ."

ఆడపిల్లకి ఎలా చెబుతారు? అన్నిటికీ సున్నాలే. డాక్టరు సంతోషించి ఏడాదికి రమ్మన్నాడు. తిరిగొస్తూ ఒంటేలుకని ఆయన కారు రెండుసార్లు ఆపించారు.

ఇంటికొచ్చి ఆ పిల్లచేతే నిజం అంకెలు వేయించాను. ముప్పై అయిదుకి ఇరవై ఆరు వచ్చింది. అది భయపడి వెంటనే డాక్టరుకి ఫోన్ చేసింది.

"పిల్ల ముందు నా పరువు తీశావు" అని ఆయన అన్నం మానేశారు.

"మీ నాన్నగారికి పరువు మిగిలింది, మనిషి మిగల్లేదు" అనేశాను. తప్పయితే క్షమించండి.

క్యాన్సరేమోనని నా భయం. ముందు రక్తం చూస్తారట. ఈసారి పిల్లని బయట కూర్చోబెట్టి లోపలికి నేను వెళతాను. మా మాటలు డాక్టరుకి ఇంగ్లీషులో చెప్పడానికి ఫోనులో తెలుగు తెలిసిన మగమనిషిని పెడతారట. అతనికైనా నిజం చెప్పేలా మీ అబ్బాయికి బుద్ధి పుట్టించండి. డాక్టరు మళ్లీ రమ్మన్నది పదహారో తారీకు, గురువారం, పొద్దున తొమ్మిదిన్నరకు.