కాల్ మధ్యలో కలిపిన బొమ్మ

ఆదివారం రాత్రి, ట్రాఫిక్ కాలనీ

సాయంత్రం అమ్మమ్మ పలాసలో ఉన్న చెల్లెలితో, మా చిన్నమ్మమ్మతో, ఫోన్లో మాట్లాడుతోంది. క్యాన్సర్ మందులకు అమ్మమ్మ జుట్టంతా ఊడిపోయింది. చిన్నమ్మమ్మ ఇంట్లో పెళ్ళి అయ్యేదాకా ఈ సంగతి ఆమెకు చెప్పొద్దని మా అందరి చేతా ఒట్టు వేయించుకుంది.

నాకేమో కాలేజీలో నేర్చుకున్నది చూపించాలని ఆత్రం. ఇప్పుడు మాట కూడా ఇంటర్నెట్ పద్ధతిలోనే చిన్న చిన్న ప్యాకెట్లుగా వెళ్తుంది, అందుకే కాల్ తెంచకుండానే వీడియో కలపవచ్చు. "అమ్మమ్మా, ఇలా చూడు" అంటూ బటన్ నొక్కేశాను. అవతల ఎవరో వీడియోకి ఒప్పుకున్నారు.

"అప్పా! నీ జుట్టేటైపోనాది?" అక్కను చూసి చిన్నమ్మమ్మ అరిచింది.

అమ్మమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. "ఉక్కకి తీయించేసినానే సెల్లీ."

"నాకాడ అబద్ధాలాడకు. పెళ్ళీ గిళ్ళీ ఒగ్గేసి రేపే బండెక్కుతాను" అంటూ చిన్నమ్మమ్మ ఏడ్చేసింది.

వద్దు వద్దంటూ అమ్మమ్మ కూడా ఏడ్చింది. తర్వాత నన్ను తిట్టలేదు. "బాగా సదువుతున్నావే" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఈ డైరీలో ఇక్కడ 'అపరాధం' అని రాసి కొట్టేశాను. ఆ మాట బాగుందని రాశాను, అంతే. నిజం అంత అందంగా లేదు. చిన్నమ్మమ్మ ఏడుస్తుంటే, బొమ్మ ఎంత స్పష్టంగా వచ్చిందో అని నేను మురిసిపోతున్నాను.