పసుపు నీళ్లు పోసిన ల్యాప్‌టాప్ సంగతి

మహారాజశ్రీ జిల్లా కళాశాలల సామగ్రి పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,
కర్నూలు.

మిట్టకొట్టాల గ్రామ కాపురస్తురాలు, కీర్తిశేషుడు తిమ్మయ్య భార్య గిడ్డమ్మ రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా మండల జూనియర్ కాలేజీలోని పాత ల్యాప్‌టాప్‌లకు "గ్రాఫిక్స్ చిప్ డ్రైవర్ సపోర్టు లేదు" అని రాసి, వచ్చే సోమవారం తుక్కు లారీకి ఎక్కించబోవడాన్ని ఆపి, వాటిలో ఒక్కదాని మీట నొక్కి చూడవలసిందిగా కోరుట గురించి.

నేను ఐదో తరగతి వరకు చదివినదాన్ని. ఉల్లిగడ్డల కాలంలో ఉల్లి కోతకు, మిగతా కాలంలో ఏది దొరికితే దానికి కూలికి పోతాను. అర్జీ అంటే అంకెలు వేసి రాయాలని, పైన విషయం పెట్టాలని పక్కింటి శివాని చెప్పింది. ఆ పిల్ల అదే కాలేజీలో ఇంటరు రెండో సంవత్సరం చదువుతోంది. అంకెలు ఆ పిల్లవి, మాటలు నావి. తప్పులుంటే మన్నించమని అడగను. తమ ఆఫీసు కాగితంలో ఉన్న తప్పు ముందు నావి ఏపాటివి?

1. తమకు తెలియజేయునది ఏమనగా, నా కొడుకు ఓబులేష్ సదరు కాలేజీ కంప్యూటరు గదిలో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. పోయిన వానాకాలంలో జ్వరం వచ్చింది. నందికొట్కూరులో చూపించి, అక్కడినుంచి కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాము. ప్రాణం నిలవలేదు. ఈ విషయంలో నేను ఎవరి మీదా ఫిర్యాదు చేయడం లేదు. జ్వరాన్ని క్షమించాను. తమ కాగితాన్ని క్షమించలేదు.

2. సదరు కాలేజీకి ఎప్పుడో వచ్చిన ల్యాప్‌టాప్‌లు ఒక గదినిండా ఉన్నాయి. తెర మీద బొమ్మ చూపించే చిప్పు వాటిలో పాతది. ఆ చిప్పు ఏం చేయాలో దానికి అర్థమయ్యేటట్టు చెప్పే రాతను డ్రైవర్ అంటారు. చిప్పు చేసిన కంపెనీ వాళ్లు, ఇది పాతబడింది, కొత్తది కొనుక్కోండి అని ఆ రాత రాయడం మానేశారు. తమబోటివారైతే అంతటితో చేతులు దులుపుకుని టీకి పోయేవారు. కానీ లోకంలో వేరే రకం మనుషులు కొంతమంది ఉన్నారట. వాళ్లు కంపెనీ వదిలేసిన చిప్పులకు తామే రాత రాసి, దాన్ని అందరికీ తెరిచి పెడతారు. ఎవరైనా చదవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. ఓపెన్ సోర్స్ అంటే అదేనని ఓబులేష్ చెప్పాడు. ఆ రాతను తెచ్చి గదిలోని ల్యాప్‌టాప్‌లన్నిటికీ ఎక్కించి, మూలపడిన వాటిని లేపాడు. శివాని అక్షరాలు కొట్టడం నేర్చింది వాటి మీదనే. ఆ పిల్ల ఇంట్లో వేరే కంప్యూటరు లేదు. మా ఊళ్లో ఎవరింట్లోనూ లేదు.

ఒక్క తిప్పలు మాత్రం మిగిలిపోయింది. మూత మూసి మళ్లీ తెరిస్తే తెర నల్లగా ఉండిపోయేది. దాని సంగతి చూడటానికి ప్రిన్సిపాలు సారును అడిగే ఒక ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్నాడు. మూసేవాడు, తెరిచేవాడు, ఏదో రాసేవాడు, మళ్లీ మూసేవాడు. నేను చాటలో బియ్యం ఏరుకుంటూ చూసి చూసి విసిగిపోయి,

"ఏమప్పా, అంగడి తలుపు మాదిరి మూస్తాండావు, తెరుస్తాండావు. బేరం ఏమన్నా అయితాండాదా?" అని ఎగతాళి చేసేదాన్ని.

"ఇంకా బోణీ కాలేదు మా" అనేవాడు.

నెలలు గడిచిపోయాక ఒక పొద్దున మూత తెరిస్తే తెర వెలిగింది. కేకలు పెట్టలేదు. నా దగ్గరికి వచ్చి, "బోణీ అయింది మా" అని చెప్పి, అన్నం పెట్టమన్నాడు. ఆ దిద్దుబాటును ఆ దూరపు మనుషులు చూసి, బాగుందని తమ రాతలో కలుపుకున్నారు. ఇప్పుడు ఏ దేశంలో, ఎవరింట్లో ఆ చిప్పున్న పాత ల్యాప్‌టాప్ మూత తెరిచినా, తెర వెలగడంలో మిట్టకొట్టాల ఓబులేష్ చేయి ఉంది. తమరు ఈ ముక్కను రెండుసార్లు చదువుకోవలెను.

3. ఆ మనుషులకు ఒక పద్ధతి ఉంది. రాతను కొత్తగా మార్చినప్పుడల్లా, ఈ చిప్పున్న యంత్రం ఎవరి దగ్గరన్నా ఉందా, ఉంటే నడిపి చూసి చెప్పండి అని అడుగుతారు. ఎవరూ పలకకపోతే, ఇక దీన్ని వాడేవాళ్లు లేరని ఆ చిప్పును రాతలోనుంచి తీసేస్తారు. నాకిది చప్పున అర్థమైంది. పింఛను కోసం నెలనెలా వేలిముద్ర వేసి, బతికే ఉన్నానని సర్కారుకు చెప్పుకునేదాన్నే కదా. ముద్ర పడని నెల నేను లేనట్టే. ఆ చిప్పు తరఫున అట్లా పలికేవాడు నా కొడుకు. అడిగే మనిషి ఎక్కడో మంచు దేశంలో ఉంటాడు. వీడి ముఖం చూడలేదు. ఎంతవరకు చదివావని అడగలేదు. కాంట్రాక్టా, పర్మినెంటా అని అడగలేదు. నువ్వు నడిపి చూశావు కదా, నీ మాట చాలు అనేవాడట. తమ శాఖలో ఈ పద్ధతి లేదని నాకు తెలుసు.

4. ఓబులేష్ పోయిన నాలుగో దినం కాలేజీ సూపరింటెండెంటు సారు, అటెండరు సుంకన్నను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. పలకరించడానికి వచ్చారనుకున్నాము. సర్కారు స్టిక్కరున్న ల్యాప్‌టాప్‌ను వాపసు తీసుకుపోవడానికట. సారు గడప తొక్కలేదు. వీధిలోనే రుమాలు ముక్కుకు పెట్టుకుని నిలబడ్డారు. ఛార్జింగు వైరు వాడు పెట్టినది పెట్టినట్టే ఉండింది. మా ఆడబిడ్డ రామేశ్వరమ్మ అది పీకి, ల్యాప్‌టాప్ తెచ్చి ఇవ్వబోతే సారు వెనక్కి జరిగారు.

"సూతకం ఇల్లు గదమ్మా, చేతికియ్యద్దు. ఆ బండ మీద పెట్టు. ఏమప్పా సుంకన్నా, తెర పగిలిందేమో తెరిచి చూడు" అన్నారు.

సుంకన్న మూత తెరిచాడు. తెర వెలిగింది. నేను గడప లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాను. నా కండ్లతో చూశాను. అన్ని దినాలు మూసి ఉండి, తెరవగానే వెలిగింది. ఏ పని కోసం వాడు నెలలకొద్దీ కూర్చున్నాడో ఆ పని, వాడు లేకుండానే, వాడి వాకిట్లో జరిగింది. లేచి వాడిని పిలవబోయాను. రామేశ్వరమ్మ నా భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

సారు స్కూటరు డిక్కీ తెరిచి సీసా తీశారు. పసుపు నీళ్లు ఇంటి దగ్గరే కలుపుకుని వచ్చారు. ముందుచూపు గల మనిషి. దాని మీద చల్లమని సుంకన్నకు ఇచ్చారు.

"సార్, ఇది మిషను. నీళ్లు పడితే చెడిపోతాది" అని సుంకన్న చెప్పాడు.

"చచ్చినోని చేతిదాన్ని అట్లే తీస్కపోయి ఆఫీసులో పెడతావా? నీకు పెండ్లాం బిడ్డలు లేరా? చల్లు."

సుంకన్న వేళ్లతో నాలుగు చుక్కలు చల్లాడు. సారుకు తృప్తి కాలేదు. సీసా లాక్కుని తానే వంచారు. మీటల సందుల్లోకి పసుపు పారింది. తెర ఒకసారి మినుకుమని ఆరిపోయింది. సారు దాన్ని బండ మీదే ఆరబెట్టించి, సంచీలో వేయించుకుని వెళ్లిపోయారు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. సూతకం మాటలకు కూడా అంటుతుందేమో.

5. అటు తర్వాత కాలేజీ నోటీసు బోర్డులో తమ సంతకంతో ఒక కాగితం అంటించారు. శివాని ఫోనులో ఫోటో తీసుకువచ్చి చదివి వినిపించింది. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "సదరు ల్యాప్‌టాప్ నందలి గ్రాఫిక్స్ చిప్ మిక్కిలి పాతది అయినందునను, దానికి ఎట్టి డ్రైవర్ సపోర్టు లభ్యము కానందునను తెర వెలుగుట లేదు. కావున అదే రకమునకు చెందిన మిగిలిన ల్యాప్‌టాప్‌లు కూడా నిరుపయోగమని తేల్చి తుక్కు కింద తొలగించడమైనది."

అయ్యా, పసుపు నీళ్లను తట్టుకునే డ్రైవర్‌ను ఇంకా ఏ దేశంలోనూ ఎవరూ రాయలేదు. అది చిప్పు తప్పు కాదు, నా కొడుకు తప్పు కాదు. తడిసినది ఒకటి. తొలగిస్తున్నది గదినిండా ఉన్నవి. ఒకే ఇంట్లో ఒకరు నీళ్లలో పడి పోతే మిగతావాళ్లందరినీ పాడె కట్టి పంపుతారా? పైగా ఆ కాగితం, నా కొడుకు చేసిన పని అసలు లేదని చెబుతోంది. వాడు పోయాడని డాక్టరు చెప్పాడు, నమ్మాను. వాడు చేసినది లేదని తమరు చెబితే నమ్మను.

6. ఈ సంగతి చెప్పుకోవడానికి తమ ఆఫీసుకు వచ్చాను. పొద్దున వస్తే మధ్యాహ్నం లోపలికి పిలిచారు. తమకు గుర్తుండకపోవచ్చు. నేనైతే మరిచిపోలేదు. తమ బల్ల మీది కంప్యూటరుకు ఆయుధపూజ నాడు పెట్టిన కుంకుమ బొట్టు అట్లే ఉంది. పైన ఎండిన నిమ్మకాయ. తమదానికి వేలితో బొట్టు, మాదానికి సీసాతో నీళ్లు. పూజ కూడా హోదాను చూసే చేస్తారని ఆ దినం తెలుసుకున్నాను.

తమరు ఎంతో దయగా, పాతవి పోతే కొత్తవి వస్తాయని, సంతోషపడాలని చెప్పారు. ఎప్పుడొస్తాయని అడిగితే ప్రపోజల్ పెట్టామన్నారు. ప్రపోజల్ మీద పిల్లలు అక్షరాలు కొట్టలేరు కదా అన్నాను. తమకు కోపం వచ్చింది.

"ఇది టెక్నికల్ విషయమమ్మా. నీకేం తెలుస్తాది?"

"మీట నొక్కేది టెక్నికలా సార్? ఆ గదిలోదే ఒకటి తీసి నొక్కండి. వెలిగితే వెలిగిందని రాయండి, వెలగకపోతే నేనే లారీకెక్కిస్తా" అన్నాను.

తమరు పక్కనున్న గుమాస్తా వైపు తిరిగి, నేను వింటుండగానే అన్నారు: "పాపం, కొడుకు గుర్తొస్తాండాడు ఆమెకు. ఒక పాతది ఇచ్చి పంపీరాదా, దండేసి పెట్టుకుంటాది."

ఆయన నవ్వాడు. తమరూ నవ్వారు.

అయ్యా, దండ వేయడానికి నాకు ఫోటో ఉంది. దండ వేసినది ఏదీ పనిచేయదు. నేను అడిగింది పనిచేసేదాన్ని.

7. మంచు దేశపు మనిషి మళ్లీ అడిగాడు, కొత్త రాత వస్తోంది, ఓబులేష్, నడిపి చూశావా అని. నా కొడుకు ఫోను శివాని దగ్గర పెట్టాను. ఆ పిల్ల చూసి, అన్న లేడని రాసింది. ఆయన శానా బాధపడి రాశాడు. తమరిలాగా ఒక్క మాటతో సరిపెట్టలేదు. చివర మాత్రం, ఆ యంత్రం ఇంకెవరి దగ్గరన్నా ఉందా, లేకపోతే ఈ చిప్పును తీసేయక తప్పదు అన్నాడు. ఉంది. గదినిండా ఉంది. తమ బీగం వెనకాల ఉంది. తీసేస్తే తమ కాగితంలోని అబద్ధం అప్పుడు నిజమైపోతుంది. ఇంకెక్కడెక్కడో ఇటువంటి పాత ల్యాప్‌టాప్ పెట్టుకుని చదువుకునే పిల్లలకు కూడా తెర నల్లబడుతుంది. ఇంత చెడ్డ పని తమకు తెలియకుండానే చేయగలిగినందుకు తమ ప్రతిభకు ఆశ్చర్యపడుతున్నాను.

కావున తమరిని కోరుకొనునది: సోమవారం లారీని ఆపాలి. గదిలోని ఒక ల్యాప్‌టాప్‌ను తమ చేత్తో, అందరి ముందర, మీట నొక్కి చూడాలి. చూసినదే కాగితం మీద రాయాలి. ఒకటి శివానికి, కాలేజీ లెక్కలోనే ఉంచి, నడిపి చూసేందుకు ఇవ్వాలి. సూపరింటెండెంటు సారును శిక్షించమని అడగను. ఆయనకు సీసా ఒకటి తగ్గిస్తే చాలు.

చిత్తమనేది ఆఫీసులో ఎవరికైనా ఒకరికి ఉంటే, వారు చిత్తగించవలెను.

తమ విధేయురాలు అని రాయాలని శివాని చెప్పింది. ఆ పిల్ల మాట తీసేయలేక రాస్తున్నాను.

గిడ్డమ్మ,
ఓబులేష్ తల్లి.

తా.క.: అర్జీ కవరులో పెట్టే లోపల సంగతి కొంత మారింది. నిన్న సాయంత్రం కాలేజీ వదిలాక ఆ గది బీగం తీశాము. ఎవరు తీశారని విచారణ పెట్టవద్దు. నేనే తీశాను. సుంకన్నకు ఏమీ తెలియదు. తనకు ఏమీ తెలియదని గట్టిగా రాయమని అతనే చెప్పాడు.

ఒకటి తెచ్చి వరండాలో పెట్టి శివాని మీట నొక్కింది. వెలిగింది. ఆ మనిషి రాసి పంపిన ప్రకారం ఫోనులో నుంచి కొత్త రాత దించి ఎక్కించింది. మూత మూసింది. నేనే తెరుస్తానని అడిగి తెరిచాను. వెలిగింది. నడుస్తోందని ఆ మనిషికి అక్కడినుంచే రాసి, ల్యాప్‌టాప్ తిరిగి గదిలో పెట్టి బీగం వేసి వచ్చాము. ఒక్కటి తగ్గలేదు, లెక్కపెట్టుకోవచ్చు. కాబట్టి తమరు చేయవలసిన దానిలో కష్టమైన సగం మేమే చేసేశాము. లారీని ఆపే సగం తమది. నేను సోమవారం పొద్దుటినుంచి ఆ గది ముందరే కూర్చుని ఉంటాను.

ఆ మనిషి ఈ ఉదయం జవాబిచ్చాడు. చిప్పును తీయడం లేదట. నడిపి చూసినవారి పేరు రాతలో చేరుస్తారట. ఓబులేష్ పేరే పెట్టమంటారా అని అడిగాడు. శివాని చదివి వినిపించి నా ముఖం చూసింది. పెట్టమని అంటాననే అనుకుంది. నేనూ అందామనే నోరు తెరిచాను. వాడు దిద్దిన చోట వాడి పేరు ఉంది. అది ఎవరూ తీయరు. కానీ వచ్చేసారి ఆ మనిషి అడిగితే వాడు పలకడు. పలికేవాళ్ల పేరు పెట్టమన్నాను.

"నా పేరా పెద్దమ్మా?" అనింది.

"నీ పేరే. రాయి" అన్నాను.

రాసింది.